పాత కారు స్టీరింగ్ సెంటర్ చేయడం ఎలా: స్టీరింగ్ వీల్ చివర్న తీయండి

రోడ్డు తిన్నగా ఉంది, కారు కూడా తిన్నగానే పోతోంది, చేతిలో స్టీరింగ్ మాత్రం ఒక పక్కకు ఒరిగి ఉంది. పాత కారు నడిపేవాళ్లకు ఈ చికాకు బాగా తెలుసు. టై రాడ్ (స్టీరింగ్‌ను చక్రాలకు కలిపే కడ్డీ) ఎండ్లు మార్చాకో, సస్పెన్షన్ బుష్‌లు కొత్తవి వేశాకో, అలైన్‌మెంట్ చేయించాకో మొదలవుతుంది. అప్పుడు ఎవరికైనా తట్టే ఉపాయం ఒకటే. మధ్యలో నట్ విప్పి, స్టీరింగ్ వీల్ పీకి, షాఫ్ట్ మీద రెండు పళ్లు పక్కకు జరిపి మళ్లీ బిగించేయడం. పావుగంటలో అయిపోతుంది.

దయచేసి ఆ పనితో మొదలుపెట్టకండి. నేను కొన్న ఒక పాత సెలూన్‌కి అంతకు ముందు ఎవరో అదే చేశారు. చూడ్డానికి స్టీరింగ్ చక్కగా తిన్నగా ఉండేది. కానీ తిన్నటి రోడ్డు మీద రెండు వేళ్ల మందం ప్లే, అంటే చక్రాలు కదలకుండానే స్టీరింగ్ అంత తిరిగేది. ఎడమకు ఒక్క తిప్పులో తిరిగే చోట, కుడికి తిరగాలంటే మధ్యలో రివర్స్ తీసుకోవాల్సి వచ్చేది. కుడి ఇండికేటర్ మలుపు అయ్యాక దానంతట అది ఆరేది కాదు. ప్లే పోగొడదామని ఒక మెకానిక్ స్టీరింగ్ బాక్స్ మీది స్క్రూ బిగించాడు. వారం తర్వాత ఒక మలుపు తిరుగుతుండగా, సగంలో స్టీరింగ్ పట్టేసింది. రెండు చేతులతో గట్టిగా లాగితే గానీ వదల్లేదు. ఎదురుగా బండి ఏదీ రాలేదు కాబట్టి సరిపోయింది.

అది ఎందుకు పట్టేసిందో అర్థమైతే ఈ పని ఏ వరసలో చేయాలో కూడా అర్థమవుతుంది. కాబట్టి స్పానర్ పట్టుకునే ముందు రెండు నిమిషాలు బాక్స్ లోపలి సంగతి చూద్దాం.

బాక్స్‌కి తనదైన సెంటర్ ఉంటుంది

పాత కార్లలో ముఖ్యంగా రెండు రకాల స్టీరింగ్‌లు కనిపిస్తాయి. మోరిస్ మైనర్, మినీ, ఎంజీబీ, జాగ్వార్ ఈ-టైప్ లాంటివాటిలో ర్యాక్ అండ్ పినియన్, అంటే చిన్న పళ్ల చక్రం ఒకటి పళ్లున్న కడ్డీని (ర్యాక్) పక్కలకు జరిపే రకం. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌లో, ఆ కాలపు చాలా అమెరికన్ కార్లలో స్టీరింగ్ బాక్స్.

స్టీరింగ్ బాక్స్‌లో వార్మ్ (స్క్రూలా మర ఉన్న కడ్డీ) ఒకటి, దాన్ని పట్టుకుని తిరిగే సెక్టరో (పళ్ల చక్రం ముక్క) రోలరో ఒకటి ఉంటాయి. ఈ రెండింటి మధ్య పట్టు అంతటా ఒకేలా ఉండదు, కావాలనే అలా తయారు చేస్తారు. సరిగ్గా మధ్యలో పట్టు దగ్గరగా, రెండు పక్కలకు పోయేకొద్దీ కొద్దికొద్దిగా వదులుగా ఉంటుంది. కారు ఎక్కువసేపు తిన్నగానే పోతుంది కాబట్టి ప్లే అక్కడ అతి తక్కువగా ఉండాలి. అరుగుదల ఎక్కువ జరిగేది కూడా అక్కడే కాబట్టి తర్వాత బిగించుకోవడానికి వీలుండాలి.

ఇప్పుడు నా కారు సంగతి చూడండి. తిన్నగా పోతున్నప్పుడు బాక్స్ తన సెంటర్‌లో లేదు, పక్కన వదులుగా ఉండే చోట ఉంది. ప్లే అందుకే వచ్చింది. ఆ వదులు చోట నిలబెట్టి స్క్రూ బిగించేసరికి, మలుపులో బాక్స్ తన అసలు సెంటర్ దాటే క్షణాన పళ్లు ఒకదాన్నొకటి నొక్కేసుకున్నాయి.

అందుకే వరస ఇది: ముందు బాక్స్‌ను గానీ ర్యాక్‌ను గానీ దాని సెంటర్‌లో పెట్టాలి. తర్వాత టై రాడ్లతో చక్రాలను తిన్నగా తేవాలి. స్టీరింగ్ వీల్‌ను అన్నీ అయ్యాక, అవసరమైతేనే ముట్టుకోవాలి.

ముందు వేరే తప్పులు లేవని చూసుకోండి

అరిగిన భాగాల మీద సెంటర్ చేస్తే నెలకే మళ్లీ పోతుంది. ముందు రెండు టైర్లలో గాలి సమానంగా నింపండి. ఒకరిని స్టీరింగ్ దగ్గర కూర్చోబెట్టి, కారు నేల మీదే ఉండగా స్టీరింగ్‌ను అటూ ఇటూ కొద్దిగా ఊపమనండి. మీరు కింద నుంచి ఒక్కో జాయింట్ మీద వేళ్లు పెట్టి చూడండి. కంటికి కనపడని ప్లే కూడా వేలికి తెలుస్తుంది, చిన్న టిక్‌మన్న దెబ్బలా తగులుతుంది. టై రాడ్ ఎండ్లు, ఐడ్లర్ ఆర్మ్ (బాక్స్‌కి ఎదురు పక్కన లింకును మోసే చెయ్యి) బుష్, చక్రం తిరగడానికి ఇరుసుగా ఉండే కింగ్ పిన్‌లు లేదా బాల్ జాయింట్లు, బాక్స్‌ను ఛాసిస్‌కి పట్టే బోల్టులు, ఏదీ వదలొద్దు. బోల్టు దగ్గర ఛాసిస్ పగిలిన కార్లు కూడా ఉంటాయి. టార్చ్ వేసి చూడండి.

కారు ఒక పక్కకు లాగుతుంటే, ఆ లాగుడును ఆపుకోవడానికి మీరే స్టీరింగ్‌ను ఒరగబెట్టి పట్టుకుంటున్నారేమో గమనించండి. ముందు టైర్లు రెండూ అటుదిటు మార్చి చూడండి. లాగే దిక్కు మారితే తప్పు టైర్లది. కొంత దూరం నడిపి ఆగాక ఒక చక్రం మధ్యభాగం రెండోదానికన్నా బాగా వేడిగా ఉంటే అక్కడ బ్రేక్ పట్టి ఉంటోంది. రోడ్డు వాలు సంగతీ మర్చిపోవద్దు. చాలా రోడ్లు నీళ్లు పోవడానికి అంచులవైపు వాలుగా ఉంటాయి. ఒకే రోడ్డు మీద ఒక్కసారి నడిపి నిర్ణయానికి రాకండి.

వెనక ఇరుసును కూడా చూడాలి. దీన్ని చాలామంది పట్టించుకోరు. పట్టీల స్ప్రింగ్ మధ్య బోల్టు తెగినా, యు-బోల్టులు వదులైనా ఇరుసు ఒక పక్కకు జరుగుతుంది. కారు ఏటవాలుగా నడుస్తుంది, దాన్ని సరిచేయడానికి స్టీరింగ్ ఒరుగుతుంది. ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకు రెండు పక్కలా టేపు పెట్టి కొలవండి. చక్రాలు తిన్నగా ఉండగా రెండు కొలతలకూ గట్టి తేడా వస్తే స్టీరింగ్ పని ఆపి వెనకవైపు చూడండి.

బాక్స్ సెంటర్ కనుక్కోవడం

కావలసినవి: జాక్, దిట్టమైన స్టాండ్లు రెండు, టేపు, మాస్కింగ్ టేప్, సుద్దముక్క, సన్నని తాడు, టై రాడ్ పుల్లర్ (బిగుసుకున్న జాయింటును లాగి విడదీసే పనిముట్టు), స్పానర్లు, నట్ ఊడకుండా ఆపే కొత్త స్ప్లిట్ పిన్‌లు. మీ కారు వర్క్‌షాప్ మాన్యువల్ దగ్గర ఉంటే పని సగం అయినట్టే. బిగింపు లెక్కలూ టో లెక్కలూ (ముందు చక్రాలు ఒకదానివైపు ఒకటి ఎంత తిరిగి ఉండాలన్నది) అందులోవే వాడాలి.

సమతలమైన నేల మీద వెనక చక్రాలకు అడ్డు పెట్టి, ముందు భాగం లేపి స్టాండ్ల మీద కూర్చోబెట్టండి. ఒక్క జాక్ మీద నిలబెట్టిన కారు కిందకు వెళ్లొద్దు.

స్టీరింగ్‌ను ఒక చివరి నుంచి ఇంకో చివరి దాకా తిప్పి, చుట్లు లెక్కపెట్టి, అందులో సగం వెనక్కి వస్తే సెంటర్ వస్తుందని అందరూ చెబుతారు. మాట నిజమే, కానీ ఒక మెలిక ఉంది. చాలా కార్లలో చివర్లో ఆపేది బాక్స్ కాదు. చక్రాల దగ్గరి స్టాప్‌లు ముందే ఆపేస్తాయి. టై రాడ్ల పొడవు తప్పుగా ఉన్న కారులో ఆ స్టాప్‌లు ఒక పక్క ముందు, ఇంకో పక్క ఆలస్యంగా తగులుతాయి. అప్పుడు మీ లెక్కకు వచ్చే సెంటర్ ఆ తప్పుతో కలిసి వచ్చిందే. అసలు సెంటర్ కావాలంటే బాక్స్‌ను చక్రాల నుంచి విడదీసి లెక్కపెట్టాలి. టై రాడ్లను చక్రాల దగ్గర గానీ, లింకును డ్రాప్ ఆర్మ్ (బాక్స్ నుంచి బయటికి వచ్చే చెయ్యి) దగ్గర గానీ పుల్లర్‌తో విప్పండి.

స్టీరింగ్ అంచు పైభాగాన మాస్కింగ్ టేప్ ముక్క ఒకటి అంటించండి. ఎడమ చివరికి తీసుకెళ్లండి. చివరి చుట్టు మెల్లగా, రెండు వేళ్లతో తిప్పండి. చక్రాల బరువు లేనప్పుడు స్టీరింగ్ విసురుగా తిరిగి లోపలి చివరకు కొట్టుకుంటుంది, కొన్ని బాక్సుల్లో లోపల ఉక్కు గుండ్లు తిరిగే గొట్టాలు ఆ దెబ్బకు పాడవుతాయి. ఎడమ చివర నుంచి కుడి చివర దాకా లెక్కపెట్టండి. పూర్తి చుట్లతో పాటు మిగిలిన భాగం కూడా. ఉదాహరణకు మూడు చుట్ల మీద ఇంకో పావు వచ్చిందనుకోండి. సగం అంటే ఒకటిన్నర చుట్టు మీద ఇంకో ఎనిమిదో వంతు. అంత వెనక్కి రండి.

ఇప్పుడు కళ్లు మూసుకుని స్టీరింగ్‌ను ఆ చోటుకు అటూ ఇటూ పావు చుట్టు మెల్లగా కదిలించండి. ఆరోగ్యంగా ఉన్న బాక్స్ అయితే ఒకచోట కొంచెం బరువెక్కి, దాటాక మళ్లీ తేలికవుతుంది. తేనెలో గరిటె తిప్పుతుంటే అడుగున ముద్ద తగిలినట్టు, అంతే ఉంటుంది ఆ తేడా. మీ లెక్క, ఈ బరువు ఒకేచోట కలిస్తే సెంటర్ దొరికినట్టే. స్టీరింగ్ వీల్ అప్పుడు ఎటు ఒరిగి ఉన్నా పట్టించుకోకండి. తిరిగే స్టీరింగ్ షాఫ్ట్ మీద, కదలని బాక్స్ మీద ఎదురెదురుగా గీత ఒకటి గీయండి.

ప్లే తగ్గించడానికి స్క్రూ బిగించాలనుకుంటే దానికి సరైన చోటు ఇదే. గీతలు కలిసి ఉండగానే, మాన్యువల్ చెప్పినంతే, కొద్దికొద్దిగా. బిగించాక చివరి నుంచి చివరికి తిప్పి ఎక్కడా పట్టడం లేదని చూడండి.

ర్యాక్ ఉన్న కారులో ఈ బరువు తెలియదు, కాబట్టి కొలతే ఆధారం. రెండు పక్కలా రబ్బరు బూట్లు జరిపి, ర్యాక్ చివర బయటికి ఎంత పొడుచుకొచ్చిందో కొలవండి. రెండూ సమానమైతే సెంటర్. అయితే కొన్ని ర్యాక్‌లలో రెండు చివర్లూ ఒకే పొడవుండవు. అలాంటివాటికి చుట్ల లెక్కే నమ్మండి.

చక్రాలు ఎటు చూస్తున్నాయో తెలుసుకోవడం

టై రాడ్లు మళ్లీ తగిలించి, కారును నేల మీదకు దించండి. ముందు భాగాన్ని రెండు మూడుసార్లు కిందకు నొక్కి వదిలి, కారును రెండు మీటర్లు ముందుకు తోయండి. దించగానే కొలిస్తే సస్పెన్షన్ ఇంకా సర్దుకోక తప్పుడు లెక్క వస్తుంది. వెనక్కి తోస్తే జాయింట్లలోని ప్లే అంతా అటువైపు పోతుంది, కాబట్టి కొలిచే ముందు ఎప్పుడూ ముందుకే.

స్టీరింగ్‌ను గీతలు కలిసేచోట పెట్టి, కదలకుండా కట్టేయండి. సీటుకీ స్టీరింగ్ అంచుకీ మధ్య కర్ర పెట్టి తాడుతో బిగిస్తే చాలు.

కారుకు రెండు పక్కలా, చక్రాల మధ్య ఎత్తున, ముందు నుంచి వెనక దాకా తాడు లాగి కట్టండి. ప్రతి తాడూ రెండు స్టాండ్ల మధ్య బిగుతుగా ఉండాలి. తాడు వెనక చక్రం మధ్య నుంచి రెండు పక్కలా ఒకే దూరంలో ఉండాలి, ముందు చక్రం మధ్య నుంచి కూడా రెండు పక్కలా ఒకే దూరంలో ఉండాలి. ముందు, వెనక దూరాలు ఒకదానికొకటి సమానం కానక్కర్లేదు, ఎందుకంటే చాలా కార్లలో ముందు చక్రాల మధ్య వెడల్పు వేరు, వెనక వేరు. రెండు తాళ్ల మధ్య దూరం కారు ముందూ వెనకా ఒకటే అయితే తాళ్లు సమాంతరంగా ఉన్నట్టు. దీనికి ఓపిక కావాలి. నాకు మొదటిసారి గంటన్నర పట్టింది. ఇక్కడ తొందరపడితే తర్వాతి కొలతలన్నీ తప్పుతాయి.

ఇప్పుడు ముందు చక్రం రిమ్ము ముందు అంచు నుంచి తాడుకు ఎంత, వెనక అంచు నుంచి తాడుకు ఎంత, రెండు చక్రాలకూ కొలిచి రాసుకోండి. సగం మిల్లీమీటర్ దాకా చూడండి. ఎడమ చక్రంలో తేడా, కుడి చక్రంలో తేడా సమానంగా రావాలి. అవి ఒకటి కాకపోతే, మీ స్టీరింగ్ ఎందుకు ఒరిగి ఉందో ఆ అంకెలే చెబుతున్నాయి.

టై రాడ్లు సరిచేయడం

అసలు పని ఇది. సూత్రం తేలిక: ఒక పక్క ఎంత పొడిగిస్తే ఇంకో పక్క అంతే కుదించాలి. అప్పుడు టో మారదు, రెండు చక్రాలూ కలిసి ఒకే పక్కకు తిరుగుతాయి.

ఏ పక్క పొడిగించాలన్నది స్టీరింగ్ ఆర్మ్‌లు (టై రాడ్లు తగిలే, చక్రాల దగ్గరి చేతులు) ఇరుసుకు వెనక ఉన్నాయా, ముందు ఉన్నాయా అన్నదాన్ని బట్టి ఉంటుంది. స్టీరింగ్ కట్టేసి ఉండగా చక్రాలు కుడివైపు చూస్తున్నాయనుకోండి. ఆర్మ్‌లు వెనక ఉంటే ఎడమ రాడ్ కుదించి కుడి రాడ్ పొడిగించాలి. ఆర్మ్‌లు ముందు ఉంటే దీనికి తలకిందులు. గుర్తుండకపోతే రాడ్‌ను అర చుట్టు తిప్పి, తాడు దగ్గర కొలత ఎటు మారిందో చూడండి.

ఎంత తిప్పాలో ముందే అంచనా వేసుకోవచ్చు. స్టీరింగ్ అంచు 400 మిల్లీమీటర్ల వ్యాసం ఉంటే, అంచు మీద 35 మిల్లీమీటర్లు జరగడం అంటే దాదాపు 10 డిగ్రీలు. స్టీరింగ్ ఒక చుట్టుకు మీ ర్యాక్ 45 మిల్లీమీటర్లు జరుగుతుందనుకుంటే, 10 డిగ్రీలకు జరిగేది 1.25 మిల్లీమీటర్లు. టై రాడ్ మర ఒక చుట్టుకు 1.5 మిల్లీమీటర్లు కదిలేదైతే, ముప్పావు చుట్టు కన్నా కాస్త ఎక్కువ. ఒక పక్క అంత లోపలికి, ఇంకో పక్క అంత బయటికి. మీ కారు లెక్కలు వేరుగా ఉంటాయి, కానీ చాలాసార్లు ఇంత చిన్న తిప్పుతోనే తీరిపోతుంది.

లాక్ నట్లు వదులు చేసే ముందు రాత్రే నూనె పోసి ఉంచండి. రాడ్ మీద సుద్దతో అడ్డగీత గీయండి, చుట్లు లెక్కపెట్టడానికి అదే గుర్తు. ర్యాక్ కార్లలో సాధారణంగా రెండు పక్కలా కుడి మరే ఉంటుంది. కారుకు ఒకే పక్క నిలబడి చూస్తే రెండు రాడ్లూ ఒకే దిశలో తిరగాలి, అప్పుడు ఒకటి పొడుగై ఇంకోటి పొట్టి అవుతుంది. రబ్బరు బూట్ రాడ్‌తో పాటు మెలిపడకుండా దాని క్లిప్ ముందే వదులు చేయండి. బాక్స్ ఉన్న కార్లలో మధ్యలో స్లీవ్ ఉండి, ఒక చివర కుడి మర, ఇంకో చివర ఎడమ మర ఉంటాయి. ఇవి ఎటు తిప్పితే పొడుగవుతాయో తిప్పి చూసుకోవడమే మేలు.

ముందు గట్టి ఇరుసు, ఒకటే డ్రాగ్ లింక్ (బాక్స్ నుంచి చక్రాల వైపు పోయే కడ్డీ) ఉన్న బండి అయితే పని ఇంకా సులువు. డ్రాగ్ లింక్ పొడవు ఒక్కటి మారిస్తే చాలు, టో కదలదు.

పని అయ్యాక రెండు పక్కలా బయటికి కనిపించే మరలు లెక్కపెట్టండి. దాదాపు సమానంగా ఉండాలి. ఒక పక్క బాగా ఎక్కువ కనిపిస్తే ఎక్కడో ఏదో వంగి ఉంది, లేదా సెంటర్ తప్పింది. రాడ్ ఎండ్‌లోకి మర తగినంత లోతు వెళ్లకపోతే ఆ కారును రోడ్డెక్కించకండి.

ఇప్పుడు టో కొలవండి. టైరు మధ్యలో వెనకవైపు, చక్రం మధ్య ఎత్తున సుద్ద పూసి మేకుతో సన్నని గీత గీయండి, రెండు టైర్లకూ. గీతల మధ్య దూరం కొలిచి, కారును ముందుకు అర చుట్టు తోసి, అవే గీతలు ముందుకు వచ్చాక మళ్లీ కొలవండి. అవే గీతలు వాడటం వల్ల రిమ్ము కాస్త వంకర ఉన్నా లెక్క తప్పదు. వెనక చక్రాలు నడిపే చాలా పాత కార్లకు ఒకటిన్నర నుంచి మూడు మిల్లీమీటర్ల దాకా టో-ఇన్ ఉంటుంది, అంటే ముందువైపు దూరం అంత తక్కువ. మినీకి మాత్రం తిరగేసి, సుమారు 1.6 మిల్లీమీటర్ల టో-అవుట్. మీ మాన్యువల్ అంకే మీకు ప్రమాణం. టో మార్చాల్సి వస్తే రెండు రాడ్లనూ సమానంగా మార్చండి, ఒక్కదాన్నే మారిస్తే స్టీరింగ్ మళ్లీ ఒరుగుతుంది. అలైన్‌మెంట్ చేయించిన మర్నాడే స్టీరింగ్ వంకర రావడానికి ఎక్కువసార్లు కారణం ఇదే.

ఇక స్టీరింగ్ వీల్

ఇప్పుడు బాక్స్ సెంటర్‌లో ఉంది, చక్రాలు తిన్నగా ఉన్నాయి. అయినా స్టీరింగ్ వీల్ ఒరిగి ఉంటేనే దాన్ని తీయాలి.

బ్యాటరీ వైరు తీసేయండి. హారన్ బటన్ విప్పేటప్పుడు కింద ఉన్న స్ప్రింగ్, చిన్న వాషర్లు ఏ వరసలో ఉన్నాయో ఫోన్‌లో ఫోటో తీసుకోండి. నట్ వదులు చేయండి గానీ పూర్తిగా తీయకండి, రెండు మూడు మరల మీద ఉంచండి. వీల్ ఒక్కసారిగా ఊడి ముఖానికి తగలకుండా ఆపేది ఆ నట్టే. పుల్లర్ వాడండి. షాఫ్ట్ మీద సుత్తితో కొట్టొద్దు. కాలమ్ (షాఫ్ట్‌ను పట్టే గొట్టం) బేరింగులు పోతాయి, ప్రమాదంలో ముడుచుకునేలా చేసిన కాలమ్ అయితే ఆ దెబ్బకు ముందే ముడుచుకుంటుంది.

షాఫ్ట్‌కీ వీల్‌కీ సెంటర్ పంచ్‌తో చుక్క పెట్టి తీయండి. 36 పళ్లున్న షాఫ్ట్‌లో ఒక్కో పంటికి 10 డిగ్రీలు, 48 పళ్లున్నదాంట్లో 7.5 డిగ్రీలు. అంతకన్నా తక్కువ తేడాను వీల్ జరిపి సరిచేయలేరు. మిగిలిన ఆ కాస్తను టై రాడ్ల దగ్గరే తేల్చుకోవాలి. బాక్స్ సెంటర్ నుంచి రెండు మూడు డిగ్రీలు పక్కకు పోతే నష్టం లేదు.

వీల్ పెట్టేటప్పుడు ఇండికేటర్‌ను ఆర్పే క్యామ్ తన చోట ఉందో లేదో చూడండి. నట్‌ను మాన్యువల్ చెప్పిన బిగింపుతో టార్క్ రెంచ్ పెట్టి బిగించండి.

రోడ్డు మీద

లాక్ నట్లు, స్ప్లిట్ పిన్‌లు, స్లీవ్ క్లాంపులు అన్నీ మరోసారి తడిమి చూడండి. విప్పిన స్ప్లిట్ పిన్ మళ్లీ వాడొద్దు. స్టీరింగ్‌ను రెండు చివర్లకూ తిప్పి, టైరు గానీ రాడ్ గానీ బ్రేక్ గొట్టానికి తగలడం లేదని చూడండి.

ఖాళీగా, సమతలంగా ఉన్న రోడ్డు మీద మెల్లగా మొదలుపెట్టండి. వేరే బండ్లు రాని చోట, రోడ్డు ఒకే సగం మీద రెండు దిక్కులా నడపండి. ఎప్పుడూ మీ ఎడమవైపునే నడిపితే అంచు వాలు రెండుసార్లూ ఒకే పక్కకు లాగుతుంది. పోయేటప్పుడు కాస్త ఎడమకు, వచ్చేటప్పుడు కాస్త కుడికి ఒరిగితే అది రోడ్డు వాలు. రెండుసార్లూ ఒకే పక్కకు ఒరిగితేనే రాడ్లు ఇంకొంచెం తిప్పాలి, ఈసారి పావు చుట్టు చొప్పున. తర్వాత ఖాళీ స్థలంలో పూర్తిగా ఎడమకు ఒక చుట్టు, పూర్తిగా కుడికి ఒక చుట్టు తిరగండి. రెండు వలయాలూ దాదాపు ఒకే పరిమాణంలో రావాలి. రెండు ఇండికేటర్లూ మలుపు అయ్యాక ఒకేలా ఆరాలి.

నూరు కిలోమీటర్లు తిరిగాక కారు కిందకు వెళ్లి లాక్ నట్లకు ఒకసారి స్పానర్ పెట్టి చూడండి. సుద్ద గీతలు గీసినచోటే ఉంటే వాటిని తుడిచేయవచ్చు.